జేసీబీ దిగకముందు ఉన్న తోట

హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కడ ప్లాటు కొన్నా మొదటి రోజు జరిగేది ఒక్కటే. జేసీబీ వస్తుంది. పొదలు పీకేస్తుంది, పైమట్టి గీకేస్తుంది, బండలుంటే పగలగొట్టించి ట్రాక్టర్లకెత్తి బయటికి పంపిస్తారు, సాయంత్రానికి బల్లపరుపుగా, నున్నగా ఎర్రటి నేల మిగులుతుంది. ఇల్లు పూర్తయి గృహప్రవేశానికి పది రోజులుందనగా తోట సంగతి గుర్తొస్తుంది. అప్పుడు అదే స్థలానికి ఎర్రమట్టి ట్రాక్టర్ లెక్కన కొంటారు, ఎరువు కొంటారు, కాంపౌండ్ గోడకు అతికించడానికి రాతి పలకలు కొంటారు, మొక్కలు కొంటారు, ఆ మొక్కలు చావకుండా నీళ్ల ట్యాంకర్ కొంటారు. డబ్బులిచ్చి బయటికి తోలించినదాన్నే మళ్లీ డబ్బులిచ్చి లోపలికి తెచ్చుకోవడం అన్నమాట.

సస్టెయినబుల్ గార్డెన్, ఎకో ల్యాండ్‌స్కేప్ అని ఎన్ని పేర్లు పెట్టినా గెలుపోటములు ఆ మొదటి రోజే తేలిపోతాయి. తోట డిజైన్‌లో సగానికి పైగా ఆ స్థలంలోనే ఉంటుంది: వాలు ఎటుంది, బండ ఎక్కడ తేలింది, మట్టి ఎంత లోతు, వాన నీళ్లు ఎటు పారి ఎక్కడ నిలుస్తాయి, ఎవరూ నాటకుండానే ఏం మొలుస్తోంది. వీటిని పట్టించుకోకుండా కంప్యూటర్‌లో గీసిన ప్లాన్ ఎంత ముద్దొచ్చినా, దాన్ని నిలబెట్టడానికి నెలనెలా జేబు ఖాళీ చేసుకోవాల్సిందే.

ముందు బండ సంగతి చూద్దాం. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్లు అలా తయారవడానికి కారణం, భూమి లోపల పగుళ్ల వెంట నీరు దిగి రాయి పొరలు పొరలుగా మెత్తబడటం, ఆ మెత్తటిది వానలకు కొట్టుకుపోయి గట్టి గుండు మాత్రం బయటపడటం. అలా మెత్తబడిన రాయినే మనం మొరం అని పిలిచేది, ఇంకా అరిగి చితికితే చెలక మట్టి. అంటే బండ, మొరం, ఎర్రమట్టి మూడూ ఒకే ఇంటివాళ్లు. ఈ గుండ్లను క్వారీల నుంచి, రియల్ ఎస్టేట్ నుంచి కాపాడటానికి 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంస్థే పెట్టాల్సి వచ్చింది, అది వేరే కథ. తోట వేసేవాడికి మాత్రం బండ చూడగానే స్థలం వేస్ట్ అయిందన్న బాధ మొదలవుతుంది.

నిజానికి బండ చేసే పని తెలిస్తే ఎవరూ పగలగొట్టరు. చిన్న లెక్క వేయండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. పది చదరపు మీటర్ల నున్నటి బండ మీద ఒక మాదిరి వాన, 20 మిల్లీమీటర్లు, పడిందనుకోండి, దాదాపు 200 లీటర్లు ఆ బండ మీంచి జారి మొదట్లోకి చేరతాయి. విడి నేల మీద ఉన్న మొక్కకు అందేదానికి కొన్ని రెట్లు బండ మొదట్లో ఉన్న మొక్కకు అందుతుంది. పైగా బండకు ఉత్తరం వైపు ఏడాదిలో ఎక్కువ కాలం కొంత నీడ, దాని అంచు కిందికి దిగిన నీరు తొందరగా ఆవిరైపోదు. మే నెలాఖరులో, అంతా ఎండి పెళుసెక్కిన రోజుల్లో, నేలలో సగం పూడి ఉన్న రాయి ఒకటి పలుగుతో లేపి చూస్తే కింద మట్టి ముదురు రంగులో, చేతికి చల్లగా తగులుతుంది, చీమలో, ఒక జెర్రో, తెల్లటి సన్నని వేళ్లో కనిపిస్తాయి. అడుగు దూరంలో మట్టి మాత్రం పిండిలా ఎగిరిపోతుంటుంది. గుట్టల మీద పిడికెడు మట్టి లేనిచోట ఊడుగ, పాల, రావి ఎలా బతుకుతాయా అని ఆశ్చర్యపోతాం గానీ, అవి బండ మీద బతకడం లేదు, బండ ఇచ్చే నీళ్ల మీద బతుకుతున్నాయి. అందుకే ప్లాటులో బండ తేలితే డిజైన్ అక్కడ మొదలుపెట్టాలి, కాస్త నీళ్లు ఎక్కువ కావాల్సిన మొక్కలన్నీ దాని మొదట్లో పల్లం వైపు పెట్టాలి, ఆ తర్వాత కూర్చునే అరుగు గురించి ఆలోచించొచ్చు. మధ్యాహ్నం ఎండకి పడమటి వైపు ఆ బండే సెగలు కక్కుతుంది కాబట్టి అరుగు తూర్పు వైపుంటేనే మంచిది.

మట్టి దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఊరి పేరు చూసి మట్టి ఇదేనని అనుకోవడం. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ పెట్టినప్పుడు ఆ స్థలానికి ఉన్న పెద్ద సుగుణం, ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో ఉండటం. ఒక్క కాంపౌండ్ లోపలే రెండు రకాల నేలలుంటే ఇక జిల్లా మొత్తానికి ఒకే మొక్కల జాబితా ఎలా పనికొస్తుంది? రెండడుగుల గుంట తవ్వి రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. చెలక మట్టయితే టీ తాగి వచ్చేలోపు ఇంకిపోతాయి, రేగడయితే సాయంత్రానికీ అడుగున తళతళలాడుతూనే ఉంటాయి. మొదటిదాంట్లో కరువు తట్టుకునే మొక్క హాయిగా ఉంటుంది, రెండోదాంట్లో అదే మొక్క వానాకాలంలో వేరు కుళ్లి చచ్చిపోతుంది. రేగడి నేల ఎండాకాలం బెత్తెడు వెడల్పున నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది, దాని మీద కాంక్రీటు పోసి పరిచిన నడక దారి రెండేళ్లలో అలలు అలలుగా లేవడం ఖాయం. అక్కడ ఇసుక పరిచి దాని మీద బండలు విడివిడిగా వేసుకోవడమే మార్గం, కదిలితే మళ్లీ సర్దుకోవచ్చు. మొక్కల్లో నల్లతుమ్మ, వేప రేగడికి ఒదుగుతాయి, వాగు దగ్గరయితే ఏరుమద్ది.

కోస్తాకి వెళ్తే కథ మొత్తం మారిపోతుంది. సముద్రపు గాలి, ఉప్పు, ఇసుక. అక్కడ తాడి, పొన్న, గంగరావి, మొగలి ఎప్పటినుంచో ఉన్నవే, ఇసుక దిబ్బల మీద ఊదారంగు పూలతో పాకే తీగ ఒకటుంటుంది, ఆ తీగ ఇసుకను పట్టి ఉంచినంత గట్టిగా ఏ రిటైనింగ్ వాల్ పట్టి ఉంచలేదు. బీచ్ రిసార్టులు ముందు పీకేది దాన్నే.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పుకోవాలి. నేలకు తెలుగులో ఎన్ని పేర్లున్నాయో లెక్క లేదు. చెలక, దుబ్బ, గరువు, మెట్ట, పల్లం, లంక, బీడు, కంచ. ప్రతి మాటలోనూ అక్కడ నీళ్లెలా ఉంటాయో, ఏం పండుతుందో, ఎవరి పశువులు మేస్తాయో ఉంది. రియల్ ఎస్టేట్ భాషలో ఇవన్నీ కలిసి ‘ఖాళీ జాగా’ అయిపోయాయి. కంచ అంటే పశువులు మేసే పొదల భూమి. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో జేసీబీలు దిగి, సుప్రీంకోర్టు ఆపమనేదాకా పోయిన గొడవలో కూడా అసలు అది అడవేనా, ఉత్త పొదలేనా అన్న వాదనే పెద్దగా నడిచింది. దక్కన్‌లో చాలా చోట్ల సహజంగా ఉండేదే అది: మధ్యమధ్యలో చెట్టు, చుట్టూ పొద, పొద చుట్టూ గడ్డి, గడ్డి మధ్య బండ. దట్టంగా ఆకాశం కనిపించకుండా ఉంటేనే పచ్చదనం అనుకునే అలవాటు వల్ల గజానికి మూడు నాలుగు మొక్కలు కుక్కే మియావాకీ చిట్టడవులు ఇప్పుడు ఫ్యాషన్ అయ్యాయి. జపాన్ వానల్లో పుట్టిన పద్ధతి అది. ఇక్కడ పని చేయదని కాదు, మొదటి రెండు మూడేళ్లు బాగా నీళ్లు, ఎరువు పెడితే వస్తుంది కూడా. కానీ చెలక నేల మీద గడ్డి, పొద ఉండాల్సిన చోట దాన్ని పెట్టి ఇదే ‘నేటివ్’ అనడం మాత్రం కొంచెం అతి.

నేటివ్ అంటే ఏమిటన్నది అసలు తేలాల్సిన విషయం. భారతదేశపు చెట్టు అయితే చాలు అనుకుంటే విశాఖను గుర్తు చేసుకోవాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను నగరంలో చెట్లను ఊడబెరికేశాక, మళ్లీ పచ్చదనం తొందరగా రావాలని ఏడాకులపాలను వీధుల్లో బారులు బారులుగా నాటారు. అది పూర్తిగా మన చెట్టే, అడవుల్లో ఉండేదే. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి పూస్తే గాలికి తేలొచ్చే వాసన బాగానే ఉంటుంది, వీధి మొత్తం ఒకేసారి పూసి ఇంటి కిటికీల్లోంచి దూరితే తలనొప్పి. చలికాలం మొదలవగానే ఘాటు వాసన, ఊపిరాడట్లేదని ఫిర్యాదులు, చెట్లు కొట్టేయాలని డిమాండ్లు. పాస్‌పోర్ట్ చూసి చెట్టును ఎంచుకుంటే ఇలాగే ఉంటుంది. చూడాల్సింది ఆ స్థలంలో, ఆ సంఖ్యలో, ఆ దూరంలో అది సరిపోతుందా అని.

ఇంకోవైపు, పరదేశం నుంచి వచ్చిందంటే పీకేయాల్సిందే అన్న పట్టుదల కూడా నవ్వు తెప్పిస్తుంది. ఆ లెక్కన ముందు చింతచెట్టు కొట్టేయాలి, అది ఆఫ్రికా నుంచి వచ్చింది. బతుకమ్మలో పేర్చే బంతి మెక్సికో వైపుది. పాలమూరు గుట్టల్లో దానంతటదే కాసే సీతాఫలం అమెరికా ఖండానిది. వందల ఏళ్లుగా మన వాన మీద బతుకుతూ, పక్కవాటి మీద పడి మింగకుండా, పిట్టకీ మనిషికీ ఇంత పెడుతున్నవాటిని ఇప్పుడు పరాయివని ఎవరంటారు? గొడవంతా మింగేవాటితోనే. సర్కారు తుమ్మ దీనికి అసలు సిసలు ఉదాహరణ. వంటచెరకు కోసం 1877లో తెప్పించి కడప జిల్లా కమలాపురంలో వేశారు, ఇవాళ చెరువు శిఖం భూముల్లో, రోడ్డు పక్కన, బీళ్లలో ఎక్కడ చూసినా అదే. మన జమ్మికి అది దగ్గరి చుట్టం కూడా. ఒకే కుదురులో ఒకటి తెలంగాణ రాష్ట్ర వృక్షం, కింద పంట వేసినా పండనిచ్చే చెట్టు. రెండోది తన కింద గడ్డి కూడా సరిగ్గా లేవనివ్వదు. లాంటానా, సుబాబుల్, వయ్యారిభామ కూడా ఇదే బాపతు. ఈ మధ్య రోడ్డు డివైడర్ల మీద, స్కూళ్ల ముందు కోన్ ఆకారంలో కత్తిరించి పెంచిన కోనోకార్పస్ ఉంది కదా, సోమాలియా, యెమెన్ తీరాల వైపు మొక్క, ఎండకు వాడదు, పశువు ముట్టదు, ఆర్నెల్లలో గోడలా లేస్తుంది అని ఊరూరా నాటారు. తర్వాత దాన్ని నాటొద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది, గుజరాత్ 2023లో నిషేధించింది.

ఒక స్థలానికి ఏది సొంతమో తెలుసుకోవడానికి పుస్తకం కంటే మొదటి వాన నయం. పైమట్టి గీకకుండా ఉంచిన చోట, జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక మూడు వారాలు ఏమీ పీకకుండా వదిలేస్తే నేల తన జాబితా తనే రాసి ఇస్తుంది. వెంపలి మొలిచిందంటే పలచని ఎర్రనేల, ఆ మొక్క వేళ్లతో నత్రజని కూడబెట్టి నేలను బాగు చేసే రకం. తుంగ గుంపులుగా వచ్చిందంటే అక్కడ నీళ్లు నిలుస్తున్నాయి. ఉత్తరేణి, తుమ్మి, తుత్తురుబెండ, గునుగు, పల్లేరు, గరిక ఒక్కొక్కటిగా తేలతాయి. వాటి మధ్యే వయ్యారిభామ కూడా తేలుతుంది, దాన్ని పూతకు రాకముందే వేళ్లతో సహా లాగేయాలి. ఇవన్నీ కలుపు మొక్కలే కదా అంటే అవును, పొలంలో కలుపే. తోటలో వీటిలో నాలుగైదింటిని ఒక పక్కన ఉండనిస్తే పోయేదేం లేదు. ఈ విత్తనాలన్నీ ఉండేది పైన ఉన్న అరడుగు మట్టిలోనే, మొదటి రోజు జేసీబీ ట్రాక్టర్‌కెత్తేది సరిగ్గా ఆ అరడుగునే. పునాదుల తవ్వకం తప్పదు కాబట్టి కనీసం ఆ పైమట్టిని విడిగా ఒక మూల కుప్ప పోయించి, ఇల్లయ్యాక తిరిగి పరిపించుకుంటే చాలు. కాంట్రాక్టర్‌కి ముందే చెప్పి కాగితం మీద రాయించుకోకపోతే మాత్రం అది ఏ లేఔట్‌లో తేలుతుందో ఎవరికీ తెలీదు.

ఎర్రనేల ప్లాటులో ఏం పెట్టొచ్చో ఇప్పుడు చూద్దాం. దక్కన్ పూల కాలం నీళ్ల కాలం కాదు, ఇది తెలియకే నేటివ్ తోట అంటే ఎండిపోయిన తోట అనే అపోహ. మాఘ ఫాల్గుణాల్లో ఆకంతా రాల్చేసి మోడులా నిలబడ్డ కొండగోగు బండల మధ్య పసుపు పచ్చగా పూస్తుంది. ఊడుగ తెల్లగా పూసి వాసన ఇస్తుంది. వెనకాలే మోదుగ, ఉగాదికి వేప పూత, ఏప్రిల్-మే ఎండల్లో రేల గుత్తులు, కానుగ లేతాకు. వానలు పడ్డాక పొదలు, తీగలు అందుకుంటాయి, ఆశ్వయుజానికి తంగేడు, గునుగు. ఈ వరుస తెలిసి పెడితే ఏడాదిలో పూవు లేని నెల దాదాపు ఉండదు, అదీ పైపు పట్టకుండా. చెట్టు ఒకటో రెండో చాలు, రెండొందల గజాల స్థలంలో గోడ పక్కన రావి, మర్రి పెట్టి తర్వాత ఏడవొద్దు. పొదల్లో తంగేడు, వాక్కాయ, వావిలి, అడ్డసరం. వాక్కాయ ముళ్లు చూశారంటే కంచెకి వేరే ఇనుప తీగ అక్కర్లేదు, పైగా పప్పులోకి కాయ. పాకడానికి తిప్పతీగ, నల్లేరు. రాళ్ల మీద నల్లేరు పాకితే చూడ్డానికి బాగుంటుంది, పచ్చడికీ పనికొస్తుంది. వాలు అంచుల్లో మట్టి కోసుకుపోకుండా వట్టివేరు.

సీతాకోకచిలుకలు కావాలంటే పూలు చూసి కాకుండా ఆకులు చూసి పెట్టాలి. పూల తేనె ఏ మొక్కదైనా తాగుతాయి, గుడ్డు మాత్రం కట్టుదిట్టంగా తమ మొక్క మీదే పెడతాయి. జిల్లేడు మీద పెరిగే గొంగళిపురుగు ఒకటి, ఈశ్వరి తీగ మీద ఒకటి, రేల, తంగేడు ఆకు తినేది ఇంకొకటి. కరివేపాకు చెట్టు మీద పిట్టరెట్ట లాగా కనిపించే పురుగు తర్వాత ఆకుపచ్చగా మారి, చివరికి నలుపు పసుపు మచ్చల రెక్కలతో ఎగిరిపోతుంది. చాలా ఇళ్లల్లో దాన్ని చూసి వెంటనే మందు కొట్టేస్తారు. నాలుగు రెమ్మలు దానికి వదిలేస్తే ఇంట్లో పోపుకేం తక్కువ కాదు.

నీళ్ల లెక్క దగ్గరికొస్తే లాన్ గురించి మాట్లాడక తప్పదు. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన, అందులో నాలుగింట మూడొంతులు జూన్, సెప్టెంబర్ మధ్యే. ఎండాకాలంలో పచ్చగడ్డి పరుపు పచ్చగానే ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లయినా కావాలి. వంద గజాల లాన్‌కి అది రోజుకు 400 లీటర్ల పైమాటే. మార్చి నుంచి మే దాకా తొంభై రోజులకు 36 వేల లీటర్లకు పైనే, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడెనిమిది. ఆ లాన్ మీద నెలకు ఎన్నిసార్లు ఎవరు కూర్చున్నారో కూడా లెక్కేసుకుంటే మంచిది. ఏడాది పొడుగునా చినుకు పడే ఇంగ్లండ్ లాంటి చోట పుట్టిన ముచ్చట అది. అమెరికాలో నెవాడా రాష్ట్రం, లాస్ వెగాస్ ఎడారి సంగతి తెలిసిందే, అలంకారానికి తప్ప ఎవరూ కాలు పెట్టని లాన్‌లకు కొలరాడో నది నీళ్లు వాడకూడదని 2021లోనే చట్టం చేసింది. ఇక్కడ మాత్రం బోరు వెయ్యి అడుగులు దిగినా కార్పెట్ గ్రాస్ రోల్స్ వస్తూనే ఉన్నాయి. ప్లాస్టిక్ గడ్డి వేసేసి సమస్య తీరిందనుకునేవాళ్లు మే మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా పది అడుగులు నడిచి చూడాలి. పిల్లలు ఆడుకోవడానికి కాస్త గడ్డి కావాల్సిందే అంటే, పల్లంలో నీళ్లు చేరే చోట గరిక పెంచుకోవచ్చు. ఎండాకాలం గోధుమరంగుకి తిరుగుతుంది, మొదటి వానకి మళ్లీ లేస్తుంది, చచ్చిపోయిందని కంగారుపడి నీళ్లు కొట్టొద్దు.

అదే వంద గజాల స్లాబు మీద ఏడాదిలో పడే వాన 60 వేల లీటర్లకు పైనే. అందరూ ఒక ఇంకుడు గుంత తవ్వించి చేతులు దులుపుకుంటారు. నాలుగడుగుల్లోనే పలకబండ తగిలే చోట ఆ గుంత ఒక గంట వానకి నిండి పొర్లుతుంది. దానికంటే నీటిని ఒక్కచోటికి తరమకుండా స్థలమంతా మెల్లగా నడిపించడం మేలు: వాలుకు అడ్డంగా జానెడు ఎత్తున రాళ్ల వరస, దాని వెనక వెడల్పాటి పల్లం, ఆ పల్లంలో మొక్కలు, అక్కడ నిండింది పొర్లి కింది వరసకు. పొలం గట్ల మీద రైతు చేసేదే ఇది, కొత్త విద్యేం కాదు. సిమెంటు వాడకుండా పేర్చిన రాళ్ల సందుల్లోంచి నీళ్లు జారుతాయి, మట్టి మాత్రం ఆగుతుంది, రెండో ఏటికి ఆ వెనకాల పేరుకున్న ఒండ్రు లోతు మీకే తెలుస్తుంది.

రాళ్లెక్కడివి అంటే, సెల్లారుకో, సంపుకో తవ్విన గుంటలోంచి వచ్చినవే. తవ్వినప్పుడు వచ్చే మొరం నడక దారులకు పరిచి, తడిపి, దిమ్మిస కొడితే గట్టిపడుతుంది, నీళ్లూ ఇంకుతాయి. పెద్ద రాళ్లు అరుగులకు, చిన్నవి గట్లకు, పాత ఇల్లు పడగొట్టి కట్టుకుంటున్నవాళ్లకైతే గడప రాళ్లు, పాత షాబాద్ బండలు ఇంట్లోనే ఉంటాయి. కొనక తప్పదంటే దగ్గర్లోది కొనాలి, హైదరాబాద్‌కి తాండూరు బండ దగ్గర, నంద్యాల వైపు బేతంచర్ల రాయి, ఆ పక్క కడప రాయి. కంచెకి పల్లెల్లో పాతే గ్రానైట్ కడీలు ఇప్పటికీ దొరుకుతాయి, చెద పట్టవు, తుప్పు పట్టవు. వీటిని వదిలేసి ఎక్కడినుంచో తెల్ల గులకరాళ్లు బస్తాల్లో తెప్పించి మొక్కల మొదళ్లలో పోయడం ఈ మధ్య మొదలైంది. ఎండకి అవి కళ్లు చెదిరేలా మెరుస్తాయి, ఆ వేడి పైన ఉన్న ఆకుకే తగులుతుంది. మొదళ్లకు రాలిన ఆకును మించిన దుప్పటి లేదు. ఫిబ్రవరిలో చెట్లు రాల్చిన ఆకంతా ఊడ్చి గేటు బయట తగలబెట్టి, మార్చిలో ఎరువు బస్తా కొనే ఇళ్లు వీధికి పది ఉంటాయి. అలాగని పక్క గుట్టలోంచి గుండ్లు దొర్లించుకు రావడం, అడవిలోంచి మొక్కలు పెకలించుకు రావడం కూడా సొంత వనరులు వాడటమే అనుకునేవాళ్లున్నారు, అది ఆ గుట్టకి జేసీబీ చేసినంత పనే.

అసలు ఇబ్బంది మొక్కలు దొరకడంలో ఉంది. ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్ జాబితాలో డురాంటా, ఫైకస్, ఫాక్స్‌టెయిల్ పామ్ ఉంటాయి గానీ ఊడుగ, కొండగోగు ఉండవు. అతన్ని అని లాభం లేదు, రేపే పచ్చగా కనిపించాలి అని అడిగేది మనమే. కడియం నర్సరీల్లో ఆరడుగుల మొక్క లారీ ఎక్కి వస్తుంది, చూడగానే తోట నిండినట్టుంటుంది. ఆ మొక్క గోదావరి ఒండ్రు ముద్దలో పెరిగింది. దాన్ని అలాగే తెచ్చి మొరంలో పాతితే వేళ్లు ఆ ముద్ద దాటి గరుకు మట్టిలోకి రావడానికి ఇష్టపడవు, ముద్ద ఎండితే ఇటుకలా బిగుస్తుంది, గట్టి గాలొస్తే చెట్టు ముద్దతో సహా పక్కకి ఒరుగుతుంది. పాతే ముందు ఆ ముద్ద అంచుల్ని తడిపి వదులు చేసి, గుంటలో అదే స్థలపు మట్టి ఎక్కువ కలపాలి. అంతకంటే అడుగు మొక్క కొనడం తెలివైన పని, మూడేళ్లలో ఆరడుగులదాన్ని దాటేస్తుంది. జమ్మి, మోదుగ, ఇప్ప లాంటివి తల్లివేరు లోతుకు దింపుకునే రకాలు, పాలిథిన్ సంచిలో ఆర్నెల్లు దాటితే ఆ వేరు అడుగున చుట్టలు చుట్టుకుపోతుంది, తర్వాత ఎక్కడ నాటినా ఆ మెలిక పోదు. వీలైతే ఉండాల్సిన చోటే గింజ పెట్టడం మంచిది. ఎంత నేటివ్ అయినా మొదటి రెండు ఎండాకాలాలు వారానికోసారి నీళ్లు పోయాల్సిందే, ఆ మాట ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది ‘నేటివ్ మొక్కలు కూడా చచ్చిపోయాయి’ అని మళ్లీ డ్రిప్పూ పామ్ చెట్ల వైపు తిరిగారు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకో టెన్షన్ ఉంటుంది, పొదలు పెంచితే పాములొస్తాయని. భయం ఉత్తిదేం కాదు. పాము వచ్చేది ఎక్కువగా ఎలకల కోసం, ఎలకలు వచ్చేది పడేసిన అన్నం, చెత్త కోసం. ఇంటి గోడకు ఆరేడడుగుల మేర మొరం పరిచి ఖాళీగా ఉంచి, రాళ్ల గట్లు, గుబురు పొదలు దానికి అవతల పెట్టుకుని, రాత్రి తిరిగే దారిలో లైటు ఉంటే చాలావరకు సరిపోతుంది. పొదలు అడుగు కనిపించేలా కింది కొమ్మలు తీసేయడం కూడా పనికొస్తుంది.

ఎలా ఉంటుందో ముందే కళ్లతో చూడాలనుకుంటే జూబ్లీహిల్స్‌లో కేబీఆర్ పార్కు ఉంది, ఒకప్పటి చిరాన్ ప్యాలెస్ ఆవరణ, 1998లో నేషనల్ పార్క్ అయింది. వాకింగ్‌కి వెళ్లేవాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసి ఒకసారి మే నెలలో, ఒకసారి సెప్టెంబర్‌లో పక్కకి చూస్తే దక్కన్ తోట రెండు రూపాలూ తెలిసిపోతాయి. లోపలి అడవికి ఎవరూ పైపు పట్టరు.

బతుకమ్మ వారంలో గేటెడ్ కమ్యూనిటీల బయట తంగేడు, గునుగు కట్టలు కట్టి అమ్ముతుంటారు. ఆ కాలనీ లేఔట్ అవ్వకముందు ఆ నేల మీద వాటంతటవే మొలిచిన పూలే అవి, ఇప్పుడు ముప్పై నలభై కిలోమీటర్ల నుంచి బస్సెక్కి వస్తున్నాయి, లోపల మాత్రం డురాంటా కంచెకి నెలనెలా క్షవరం జరుగుతోంది. తంగేడు పెంచడం పెద్ద పనేం కాదు. చలికాలం చివర రోడ్డు పక్క పొదల మీద ఎండిన కాయలు దొరుకుతాయి, గింజ పైతోలు గట్టిది, వేడి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి, ఉబ్బినవి తీసి తొలకరి పడ్డాక అంగుళం లోతున రెండేసి గింజలు పెట్టాలి. ఉబ్బనివాటిని మర్నాడు మళ్లీ వేడి నీళ్లలో వేయండి, సగం అప్పుడు కదులుతాయి.